పై పెదవి మీద వుపమాలంకారం

కావ్యాలకు విమర్శ రాసేవాళ్ళు చాలామంది వున్నారు. కరపత్రాలకు రాసేవాళ్ళే లేరు. అందుచేత ఈ వారం నేనొక కరపత్రాన్ని విమర్శకు తీసుకుంటున్నాను. నున్నటి కాగితం, మూడు మడతలు, పైన మచ్చలేని ఒక ముఖం. మా ఆర్మూరు ఆడపిల్లలు ఇప్పుడు నిజామాబాదుకో హైదరాబాదుకో బస్సెక్కి వెళ్ళి ముఖం మీది వెంట్రుకలను లేజరుతో తీయించుకుంటున్నారు గదా, అలాంటి చోట బల్ల మీద పెట్టి వుంచే కాగితమన్నమాట. ఎవరిదన్నది అనవసరం. ఇలాంటివి నేను నాలుగైదు చూశాను. రంగులు వేరుగాని అన్నిటినీ రాసిన కవి ఒక్కడే అనిపిస్తుంది. ఎందుకంటే అన్నిటిలోనూ ఒకే వుపమానం: చర్మం మీద రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుందట, అంతేనట.

అలంకారశాస్త్రం చదువుకున్న ప్రాణం వూరుకోదు. వుపమకు నాలుగు అంగాలు కావాలి. వుపమేయం నొప్పి. వుపమానం రబ్బరు బ్యాండు. 'అట్టు' అనేది వుపమావాచకం. మరి సమానధర్మం ఏమిటి? అక్కడే వచ్చింది చిక్కు. రబ్బరు బ్యాండు దెబ్బ చల్లటిది. లేజరు దెబ్బ వేడిది. రబ్బరు బ్యాండుకు వాసన లేదు. దీనికి వెంట్రుక కాలిన వాసన వుంది, అదీ సరిగ్గా ముక్కు కిందనే. రబ్బరు బ్యాండు ఒకసారి తగిలి వూరుకుంటుంది. ఇది పై పెదవి ఈ కొస నుంచి ఆ కొస దాకా వరసగా పడుతూ పోతుంది, పైగా తరవాతది ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తూ వుంటుంది. కవిగారు ఈ నాలుగింటిలో ఒక్కదాన్నీ పట్టించుకోలేదు.

మొదటిసారి చేయించుకుని వచ్చిన మా మేనకోడలిని అడిగాను, ఎట్లుందే అని. "రబ్బరు బ్యాండు గాదత్తా, పోపుల నుంచి ఆవగింజ ఎగిరి మూతి మీద పడ్డట్టు సుర్రుమన్నది. అదీ ఒక్క గింజ గాదు, పోపంత పడ్డది" అన్నది. చిత్తగించండి. వేడి వుంది, చప్పుడు వుంది, హఠాత్తు వుంది, లెక్క వుంది. ఇదీ వుపమ అంటే. ఆ పిల్ల బీకాం చదివింది, అలంకారశాస్త్రం ముట్టుకోలేదు.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అంటారేమో. చెడ్డ వుపమానం ఒక్కోసారి చర్మం కాలుస్తుంది. అది ఎలాగో చెప్పాలంటే కాస్త శాస్త్రం కావాలి, విసుక్కోకండి.

లేజరుకు వెంట్రుక అంటే ప్రత్యేకమైన పగ ఏమీ లేదు. దానికి కనిపించేది నల్లరంగు. వెంట్రుకలోని మెలనిన్ ఆ వెలుగును తాగి వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. సెకనులో కొన్ని వేయోవంతుల సేపటి ముచ్చట. 1960లో మైమన్ మొదటి రూబీ లేజరును వెలిగించాడు. ఎంచుకున్న రంగునే కాల్చి చుట్టుపక్కలను వదిలిపెట్టవచ్చునని ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు 1983లో సిద్ధాంతం చెప్పారు. 1996లో రూబీ లేజరుతో వెంట్రుక కుదుళ్ళను దెబ్బతీసిన పరిశోధన అచ్చయింది. ఆ పరిశోధనకు కూర్చున్నవాళ్ళు తెల్లతోలు మనుషులు. మన సంగతి వేరు. మన మెలనిన్ వెంట్రుకలోనే కాదు, తోలులోనూ దండిగా వుంటుంది. వెలుగు ఈ రెంటికీ తేడా తెలియకుండా పడితే కాలేది ముఖం. అందుకే మనలాంటి రంగుకు మరింత లోతుకు దిగే పొడుగు తరంగం, 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం, క్షేమమంటారు. డయోడు రకాన్ని కూడా చల్లదనం తోడు చేసి, తీవ్రత తగ్గించి జాగ్రత్తగా వాడతారు. కరపత్రంలో తరంగం ఊసు లేదు. రబ్బరు బ్యాండు వుంది.

ఇప్పుడు చూడండి. కుర్చీలో పడుకున్న పిల్లకు రబ్బరు బ్యాండంత అని ముందే చెప్పి వుంచారు. తీరా అంతకు పదిరెట్లు మండింది. ఏమనుకుంటుంది? యంత్రం లెక్క తప్పిందనుకోదు. నాకే ఓర్పు తక్కువ అనుకుంటుంది. పళ్ళు బిగబట్టి వూరుకుంటుంది. మూడోనాడు పై పెదవి మీద గోధుమరంగు మరక తేలుతుంది. వెంట్రుక పోయి మచ్చ వచ్చింది, రెండూ ఒకే చోట. ఆడదానికి భూదేవంత ఓర్పు వుండాలని చిన్నప్పటినుంచీ నూరిపోశాము గదా, ఆ ఓర్పు ఇక్కడ సద్గుణం కాదు, సాక్షాత్తూ ప్రమాదం. నొప్పి అనేది ఆ గదిలో వున్న వొకే వొక కొలబద్ద. దాన్ని పిల్ల చేతుల్లోంచి లాగేసుకున్నది ఆ కాగితం మీది వుపమానం.

ఇంకో మాట. పిల్ల నోరు విప్పకపోవడానికి ఒక్క కరపత్రమే కారణమంటే అన్యాయమవుతుంది. మన సాహిత్యానికీ అందులో వాటా వుంది. ప్రబంధ కవులు నాయిక నూగారును ఎంత మురిసిపోయి వర్ణించారు! చీమల బారన్నారు, తుమ్మెదల బారన్నారు, నల్లత్రాచన్నారు. పొట్ట మీద వున్నంతసేపు అది శృంగారం. అదే నూగు ఒక జానెడు పైకెక్కి పెదవి మీద మొలిస్తే ఏ కవీ కలం కదపలేదు. మగపిల్లవాడికి మొలిస్తే మళ్ళీ మాటలొచ్చాయి, 'నూనూగు మీసాలు' అని ముద్దుగా అన్నాం. ఆడపిల్లకు మిగిలింది ఒక్క సామెత: అత్తకు మీసాలొస్తే మామ అవుతుందని. జరగని పనికి దృష్టాంతంగా చెప్పుకునే సామెత అది. మరి అత్తకు మీసాలు రానే వస్తాయి. ఈ వ్యాసం రాస్తున్న అత్తకే వచ్చాయి, మామ మాత్రం కాలేదు.

లేజరుకు ముందురోజు ముఖం షేవింగ్ చేసుకుని రమ్మంటారు. వెంట్రుక చర్మం పైన పొడుగ్గా వుంటే అదే పైపైన కాలి తోలుకు చురక పెడుతుంది; నున్నగా గీస్తే వేడి లోపలి కుదురుకు పోతుంది, నొప్పీ తగ్గుతుంది. తీసేసి రావచ్చు గదా అని దారంతో లాగించుకోకూడదు. లోపల వెంట్రుకే లేకపోతే వెలుగు దేన్ని పట్టుకోవాలి? ఇంతవరకు సబబే. కాని రేజరు అనే మాట వినగానే మా మేనకోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. లేజరు నొప్పికి ఏడవని పిల్ల! వీరేశలింగంగారు 1881లో మొదటి వితంతు వివాహం చేయించిన నాటినుంచీ మన సంస్కరణ సాహిత్యంలో ఆడదాని దగ్గరికి వచ్చిన మంగలికత్తి అంటే అవమానమే. ఆ నీడ ఇంకా పోలేదు. దీనికి ఏ మత్తు క్రీమూ లేదు.

మన స్త్రీవాద కవయిత్రులు శరీరాన్ని కవిత్వంలోకి తెచ్చినప్పుడు నేను ఎంతో సంబరపడ్డాను. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం ఇప్పటికీ మా ఇంట్లో వుంది, అట్ట వూడింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' గాని, జయప్రభ పైట గురించి రాసిన కవిత గాని చదివినప్పుడు, ఇంతకాలం ఈ మాటలు ఎక్కడ దాక్కున్నాయి అనిపించింది. అయితే పురిటినొప్పికి ఒక గౌరవం వుంది. కని పెంచే నొప్పి గదా. పై పెదవి నొప్పికి ఏం గౌరవం? సోకు కోసం పడేది అని కొట్టిపారేస్తాం. పెళ్ళిచూపుల్లో ఎవరో గుసగుసగా నవ్వడం, కాలేజీలో మీసాలపిల్ల అన్న పేరు స్థిరపడిపోవడం, ఇవి సోకు కిందికి రావు. పద్యానికి తగినంత పెద్దది కాదు గనక ఈ నొప్పి కరపత్రం రాసేవాడి పాలబడింది.

మా వూరివాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పసుపు కొమ్ముకు కూడా మీసాలుంటాయి. జూన్‌లో నాటితే తొమ్మిది నెలలు భూమిలో వుండి, సన్నటి వేళ్ళతో, పొక్కు తోలుతో బయటికి వస్తుంది. వుడకబెడతారు, రోజుల తరబడి ఎండబెడతారు, ఆనక గుండ్రటి డ్రమ్ములో వేసి గిరగిర తిప్పుతారు. ఒకదానికొకటి రాసుకుని, డ్రమ్ముకు రాసుకుని, వేళ్ళన్నీ రాలి నున్నగా, పచ్చగా వస్తుంది. పాలిష్ పట్టనిదానికి మార్కెట్లో ధర తగ్గుతుంది. లోపలి సరుకు అదే. మా ఇళ్ళల్లో ఆడపిల్లల్ని అదే లెక్కన చూడలేదని ఎవరైనా గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలరా? పసిగుడ్డుకు సున్నిపిండి నలుగు పెట్టి నూగు రాల్చడంతో మొదలవుతుంది మా డ్రమ్ము. పెద్దయ్యాక పసుపు పూత. ఇంత పసుపు పండే చోట పసుపుకు వెంట్రుకలు పోతాయన్నది నిజమైతే ఆర్మూరులో ఎవరికీ మీసాలు వుండకూడదు.

అదే ఆర్మూరు, చుట్టుపక్కల పల్లెలు, ధర పడిపోయిన నొప్పిని మాత్రం నోరారా చెప్పుకున్నాయి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీచేస్తే అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. దేశమంతా తిరిగి చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. నోరున్న వూరు మాది. ఆ నోరు ఆడపిల్ల కుర్చీలో పడుకోగానే ఎక్కడికి పోతుందో!

మాటలు లేక కాదు. కెనడాలో మెల్జాక్ అనే ఆయన 1975లో నొప్పిని కొలవడానికి 78 మాటల పట్టిక తయారుచేశాడు, ఇరవై గుంపులుగా విడదీసి. డాక్టర్లు దాన్ని ఎంతో మెచ్చుకున్నారు. మన తెలుగును అడిగితే అంతకు తగ్గేది కాదు. చురుక్కుమనడం వేరు, చుర్రుమనడం వేరు. జివ్వుమనేది నరం. సలిపేది పుండు. పోటు లోపలినుంచి వస్తుంది, గుంజుడు మీదినుంచి. కలుక్కుమనేది నడుము. భగభగ, చిమచిమ, తిమ్మిరి — ఇంట్లో ముసలమ్మ ఎవరైనా గుక్కతిప్పుకోకుండా చెపుతుంది. ఇంత సంపద పెట్టుకుని మనం రబ్బరు బ్యాండును అరువు తెచ్చుకున్నాం.

నన్ను రాయమంటే ఆ కాగితం మీద ఇలా రాస్తాను. చురుక్కుమంటుంది, మరుక్షణం పోతుంది, అది వుండేదే. మొదటి ఒకటి రెండుసార్లు వెంట్రుక మొద్దుగా వుంటుంది గనక ఎక్కువ, పోనుపోను తగ్గుతుంది. పై పెదవి అన్నిటికన్నా కష్టం, అక్కడ తోలు పల్చన, నరాలు దట్టం. నాలుకను పెదవి వెనక ఆనించి బిగబట్టండి, ముందూ వెనకా మంచు పెట్టమనండి, వూపిరి వదులుతూ వుండగా దెబ్బ వేయమనండి. గంటా రెండు గంటలు ఎర్రగా చిమచిమలాడుతుంది, ఒక్కోసారి మర్నాటిదాకా. కాని భగ్గుమని మండి తగ్గకపోతే, వెంటనే, అక్కడే, ఆపు అనండి. బొబ్బ లేస్తే డాక్టరుకు చూపించండి. ముందుగా చెవి దగ్గర ఒక చిన్నచోట వేసి చూపమని అడగండి. అడగడం మర్యాద తక్కువ కాదు.

మత్తు క్రీము విషయం కాస్త గట్టిగా చెప్పాలి. డాక్టరు చెప్పిన మోతాదులో పెదవి మీద పలచగా రాసుకుంటే ఫరవాలేదు. ఎక్కువ రాస్తే ఎక్కువ హాయి అనుకుంటేనే ముప్పు. లేజరుకు ముందు కాళ్ళకు దట్టంగా రాసి ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు, 22, 25 ఏళ్ళవాళ్ళు, మూర్ఛలు వచ్చి చనిపోయారని అమెరికా ఆహార, ఔషధాల శాఖ 2007లో హెచ్చరిక చేసింది. పైగా పూర్తిగా మొద్దుబారిన పెదవి, కాలుతున్నా చెప్పదు.

కరపత్రం మింగేసిన సంగతులు ఇంకో రెండు వున్నాయి. వెంట్రుకలు హఠాత్తుగా దట్టమైతే, నెలసరి తప్పుతూ వుంటే, ముందు హార్మోన్ల పరీక్ష కావాలి. లోపల కారణం వుండగా పైన ఎన్నిసార్లు వెలుగు వేసినా కొత్తవి వస్తూనే వుంటాయి. రెండోది, మనవైపు వాళ్ళలో కొందరికి గడ్డం, దవడ అంచుల దగ్గర లేజరు తరవాత వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి. నాలుగుసార్లు డబ్బు కట్టాక తెలియవలసిన విషయం కాదిది.

నా మట్టుకు నాకు ఐదుసార్లయింది. నల్లవి చాలావరకు పోయాయి. గడ్డం కింద రెండు తెల్ల వెంట్రుకలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిలో మెలనిన్ లేదు, లేజరు కంటికి అవి ఆనవు. వాటికి విద్యుత్ సూదే గతి. అది 1875లో మిషెల్ అనే కంటి డాక్టరు రెప్పలోపలికి తిరిగిన వెంట్రుకలకోసం మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ వుంది. దాని కరపత్రం కూడా తెచ్చుకున్నాను. అందులో వుపమానం చీమకాటు. ఎర్రచీమో, నల్లచీమో, గండుచీమో రాయలేదు.