కోట పట్టిన యాస

నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డ నాలాంటివాడు నటుడు కోట శ్రీనివాసరావు గురించి రాయాలంటే మనసులో రెండు సంగతులు ఒకేసారి మెదులుతాయి. ఒకటి నొప్పి. రెండోది గౌరవం. రెండూ ఒక్క పాత్ర దగ్గరే పుట్టాయి: 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్య.

మా అమ్మ, మా మేనమామలు మాట్లాడే మాట అంత పెద్ద తెర మీద గట్టిగా వినబడింది. తీరా చూస్తే అది ఒక అవినీతి మంత్రి నోట వినబడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మన సినిమాల్లో తెలంగాణ యాస రౌడీకో, పనివాడికో, నవ్వించే పాత్రకో దక్కింది తప్ప, ఆ యాసలో మంచీ చెడూ మాట్లాడే మామూలు మనిషి కనబడ్డమే అరుదైపోయింది. అంతకు ముందు వచ్చిన ‘మా భూమి’, ఆ తర్వాతి ‘ఒసేయ్ రాములమ్మ’ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. ఈ అన్యాయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రాసినవాళ్లు, తీసినవాళ్లు, చూసి నవ్వినవాళ్లు అందరికీ ఇందులో పాలుంది.

అయినా ఒక మాట చెప్పి తీరాలి. కాశయ్య యాసలో తప్పు పడదామంటే నాకు ఇప్పటికీ చోటు దొరకదు. ఆ యాస పలికినాయన మా వైపు మనిషి కాడు. కృష్ణా జిల్లా కంకిపాడులో 1942 జులై 10న పుట్టినాయన. తండ్రి సీతారామాంజనేయులు వైద్యుడు. కొడుకునూ డాక్టర్ని చేయాలనుకున్నారు. కొడుకు డిగ్రీ చదివి స్టేట్ బ్యాంకు ఉద్యోగంలో చేరాడు, మనసు మాత్రం నాటకానికి ఇచ్చాడు. సినిమాకు ముందు దాదాపు ఇరవయ్యేళ్లు స్టేజీ మీదే గడిపాడు. 1978లో సి.ఎస్. రావు నాటకం ‘ప్రాణం ఖరీదు’ సినిమాగా వచ్చినప్పుడు తొలిసారి తెర మీదికొచ్చాడు. చిరంజీవి జనానికి మొదట కనబడిందీ ఆ సినిమాతోనే. కోటకు గుర్తింపు రావడానికి మరో ఏడేళ్లు పట్టింది. కాశయ్య వేసేనాటికి ఆయనకు నలభై మూడేళ్లు.

ఆ నలభై మూడేళ్లను నేను వృథా అనుకోను. ఆయన పని నేర్చుకున్నదంతా అప్పుడే. పగలు బ్యాంకు, సాయంత్రం రిహార్సల్. రకరకాల ఊళ్ల నుంచి వచ్చిన జనం తమ అవసరాన్ని తమ గొంతుతో చెప్పుకునే చోట కూర్చున్న నటుడికి అంతకన్నా మంచి బడి దొరకదని నా నమ్మకం.

మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు నాటకాల రిహార్సల్స్ నడుపుతుంటాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు తెలంగాణ పాత్ర ఇస్తే ‘వచ్చాను’ బదులు ‘వచ్చిన’ అంటే సరిపోయిందనుకుంటారు. క్రియలు మారతాయి, మనిషి మారడు. యాస ఉండేది మాటల్లో కాదు, వాటి నడకలో. ఏ మాట సాగుతుంది, ఏది టక్కున తెగుతుంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటారు, ఎదుటివాడు పెద్దవాడైతే గొంతు ఎంత దిగుతుంది, ఇవన్నీ కలిస్తేనే యాస. కోట కాశయ్యలో పట్టింది దాన్నే. ఆ మంత్రి ఆలోచిస్తూ మాట్లాడడు, మాట్లాడుతూ ఆలోచిస్తాడు. మధ్యలో వచ్చే ఆ చిన్న విరామాల్లోనే అతని లెక్కలన్నీ నడుస్తుంటాయి.

అందుకే కుర్రాళ్లను ఎల్బీ నగర్ చౌరస్తాకు పంపుతాను. విజయవాడ హైవే బస్సులూ సాగర్ రోడ్డు బస్సులూ కలిసే చోటది. సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ మాటలు అక్కడ దిగుతాయి. వనస్థలిపురంలో ఇళ్లు కట్టుకున్న కృష్ణా, గుంటూరు కుటుంబాలవాళ్లు అక్కడే బస్సెక్కుతారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు కడప, శ్రీకాకుళం పలుకుల్ని వెంట తెస్తారు. మెట్రో ఎక్కి మలక్‌పేట దాటితే దక్కనీ ఉర్దూ మొదలవుతుంది. ‘నోట్‌బుక్ తీసుకెళ్లొద్దు, అనుకరించొద్దు, ఊరికే విను’ అని చెబుతాను. అనుకరణలో వెక్కిరింత దొంగచాటుగా దూరుతుంది. కోట వేసిన దుర్మార్గుల్లో కూడా మాటను వెక్కిరించడం నాకు కనబడలేదు. 1993లో ఒకే ఏడాది ‘మనీ’లో అల్లాఉద్దీన్, ‘గాయం’లో గురునారాయణ. రెండింటినీ వెంటవెంటనే చూడండి. ఒకే గొంతులోంచి ఇద్దరు వేర్వేరు మనుషులు వస్తారు, ఒకరి నీడ మరొకరి మీద పడదు.

స్టేజీ నుంచి తెరకొచ్చినవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. నాటకంలో నవ్వు వస్తే నటుడు ఆగుతాడు, నవ్వు తగ్గాక తర్వాతి మాట అందుకుంటాడు. కెమెరా ముందు నవ్వేవాళ్లుండరు. ఆ ఖాళీని ఎంత సేపు ఉంచాలో నటుడు తనలో తానే తూచుకోవాలి. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’లో పిసినారి లక్ష్మీపతి పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. అక్కడ నవ్వించాలన్న తాపత్రయం కోట ముఖంలో ఎక్కడా ఉండదు. నిజంగానే కోడికూర తింటున్న తృప్తి ఉంటుంది. లక్ష్మీపతికి అది నవ్వులాట కాదు, సంసారం నడిపే పద్ధతి. ఆ నమ్మకాన్ని కోట ఒక్క క్షణం కూడా వదలడు. పదిహేడేళ్ల తర్వాత ‘ఆ నలుగురు’లో వడ్డీ వ్యాపారి కోటయ్యగా మళ్లీ డబ్బు మనిషి వేషమే వేశాడు. లక్ష్మీపతి ఛాయ ఒక్కటి కూడా అందులోకి రానివ్వలేదు. నా వరకు ఆయన చేసిన పనుల్లో కోటయ్యదే పైచేయి.

ఏడు వందల యాభైకి పైగా సినిమాలు, తొమ్మిది నందులు, 2015లో పద్మశ్రీ, 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పు ఎమ్మెల్యే పదవి, ఇవన్నీ పేపర్లలో చదివినవే. 2025 జులై 13న, ఎనభై మూడేళ్లు నిండిన మూడు రోజులకు ఆయన పోయినప్పుడు అందరూ మళ్లీ రాశారు. ఆయన పదే పదే చేసిన ఒక ఫిర్యాదును మాత్రం మర్యాదకు విని వదిలేశారు. తెలుగు నటులుండగా విలన్లను పక్క భాషల నుంచి ఎందుకు తెచ్చుకుంటారని ఆయన బహిరంగంగా అడిగేవాడు. దాన్ని అవకాశాల కోసం గొడవ అనుకున్నవాళ్లున్నారు. నాకది పనికి సంబంధించిన ప్రశ్నగానే వినిపిస్తుంది. భాష రానివాడి పెదాల మీద వేరొకరి గొంతు అతికించినప్పుడు, పాత్ర ఏ ఊరిదో చెప్పే గుర్తులన్నీ పోతాయి. కళ్లెర్రజేయడం మిగులుతుంది, కండలు మిగులుతాయి, ఊరు మిగలదు. కాశయ్య మీద నాకున్న నొప్పి కూడా అతను ఫలానా ప్రాంతం మనిషని తెలియడం వల్ల కలిగిందే. ఏ ఊరివాడో తెలియని విలన్ మీద ఎవరూ బాధపడరు, ఎవరూ గుర్తూ పెట్టుకోరు.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2017లో ‘ఫిదా’లో హీరోయిన్ మా యాసలో ప్రేమించింది, పోట్లాడింది. 2023లో ‘బలగం’లో ఒక ఊరు ఊరంతా ఆ యాసలో ఏడ్చింది, తెలుగువాళ్లంతా కలిసి ఏడ్చారు. ఈ సినిమాలు చూసి పెరిగిన పిల్లలు ఇవాళ మా రిహార్సల్స్‌కు వస్తున్నారు. ఇంట్లో మాట్లాడినట్టే స్టేజీ మీదా మాట్లాడొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను వాళ్లకు మొదట చూపించేది మాత్రం కాశయ్యనే. పాత్ర మీద కోపం తెచ్చుకోండి, నటుడి పని నేర్చుకోండి అంటాను. ఒకమ్మాయి ‘రెండూ ఒకేసారి ఎట్లా సార్’ అనడిగింది. చూస్తూ ఉంటే వస్తుందమ్మా అన్నాను.

ఇప్పుడు వేయబోతున్న నాటకంలో ఆ అమ్మాయిది డాక్టర్ పాత్ర. మాటలన్నీ నల్లగొండ యాసలోనే రాయించాను.