చెవితో సరిచేసే ఇంజిన్
1962లో ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో తయారీ మొదలైన ఎంజీబీ స్పోర్ట్స్ కారులో తాళం తిప్పగానే వెనక నుంచి టిక్‌టిక్‌మని వినిపిస్తుంది. అది పెట్రోలు పంపు. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్లు నిండగానే ఆగుతుంది. ఆగలేదంటే పెట్రోలు కారుతోందనో, ట్యాంకు ఖాళీ అనో అనుమానించాలి.

అసలు పనితనం ఎస్‌యూ అనే రకం ఆ జంట కార్బ్యురేటర్ల దగ్గరే. రెండూ సమానంగా గాలి పీల్చాలి. చేయి తిరిగిన మెకానిక్ ఎయిర్ ఫిల్టర్లు విప్పి, సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండోది కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టుకుని, బుసలు రెండూ ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పుతాడు. తర్వాత లోపలి పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువే పైకెత్తి వింటాడు. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. క్షణం పెరిగి సర్దుకుంటే సరి.

కార్బ్యురేటర్ పైనున్న డాష్‌పాట్ అనే చిన్న గదిలో నూనె తగ్గినా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి తడబడుతుంది. మూత విప్పి కాస్త పోస్తే మళ్లీ దూకుతుంది.