అంచు చూసి టైరు

పల్లేరుకాయను నేల మీద ఎటు దొర్లించినా ఒక ముల్లు పైకి నిలబడే ఉంటుంది. వానాకాలంలో నేలకు కరుచుకుని పసుపుపచ్చని చిన్న పూలు పూసే ఆ మొక్క, చలికాలానికి ఎండి కాయలన్నీ దారిలో రాలుస్తుంది. పశువు గిట్టకో మనిషి చెప్పుకో గుచ్చుకుని ఇంకో ఊరు చేరడమే దాని బతుకుతెరువు. సైకిలు టైరు దానికి కొత్తగా దొరికిన వాహనం. అమెరికాలో అరిజోనా, న్యూమెక్సికో వైపు మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లు దీన్ని ‘గోట్‌హెడ్’ అంటారు, మేకతల అని. మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ముల్లే అక్కడి టైర్లనూ పట్టుకుంది.

రెండేళ్ల కిందట డిసెంబరులో, ఒక ఆదివారం ఉదయం వికారాబాద్ అనంతగిరి కొండల్లో నాకు మూడుసార్లు గాలి పోయింది. వెంట తెచ్చుకున్న రెండు ట్యూబులూ అయిపోయాయి. మూడోసారి చెట్టు కింద కూర్చుని, టైరు లోపల వేలు పెట్టి ముల్లు కోసం తడుముతుంటే, విరిగిన మొన నా వేలికే దిగింది. ఇంటికొచ్చాక నిర్ణయించుకున్నాను, ట్యూబు తీసేయాలని.

నాది పదేళ్లు దాటిన 26 అంగుళాల సైకిలు. దాని రిమ్ములు ట్యూబ్‌లెస్ కోసం చేసినవి కావు. కొత్త చక్రాలు కొంటే సైకిలు విలువ కన్నా వాటికే ఎక్కువవుతుంది. అందుకే ఉన్న చక్రాలనే ఇంట్లో మార్చుకున్నాను. అలా మార్చడం ఎలాగో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దానికి ఏ టైరు ఎంచుకోవాలన్నది మాత్రం చివర్లో ఒక మాటగా వదిలేస్తారు. పని నిలబడేదీ పడేదీ అక్కడే అని నాకు అనుభవం మీద తెలిసింది. ఈ వారం దాని గురించే రాస్తాను.

ట్యూబున్న చక్రంలో గాలిని పట్టి ఉంచేది ట్యూబు. టైరు దానికి చొక్కా. ట్యూబు తీసేస్తే గాలిని ఆపే పని టైరు, రిమ్ము కలిసి చేయాలి. లోపల పోసే సీలెంటులో ముఖ్యమైనది రబ్బరు పాలు, వాటిలో కలిపిన సన్నని రేణువులు. ముల్లు దిగిన కన్నంలోంచి గాలి తోసుకొస్తూ ఆ పాలను కూడా తెస్తుంది. రేణువులు కన్నంలో ఇరుక్కుంటాయి, పాలు వాటి చుట్టూ గడ్డకడతాయి. తొక్కేవాడికి తెలియకుండానే పంచరు పడుతుంది, పూడుతుంది.

1999లో ఫ్రాన్స్‌కు చెందిన మావిక్ కంపెనీ, టైర్లు చేసే హచిన్సన్, మిషెలిన్‌లతో కలిసి మౌంటెన్ బైకులకు ట్యూబ్‌లెస్ పద్ధతిని తెచ్చింది. దానికి రిమ్ము వేరు, టైరు వేరు, రెండూ బరువే. ఆ తర్వాత కొద్దికాలానికే న్యూయార్క్ రాష్ట్రంలో స్టాన్ కోజియాటెక్ అనే ఆయన, మామూలు రిమ్ముకే టేపు, రబ్బరు పట్టీ, సీలెంటు జోడించి మార్చుకునే దారి చూపించాడు. దాన్ని చూసి ఇంకా చవకగా ఇంట్లో చేసుకునే పద్ధతులు పుట్టాయి. నిజానికి సైకిలు గాలి టైరు చరిత్రే ఇంటి పనితో ముడిపడి ఉంది. 1880ల చివర్లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి కోసం రబ్బరు గొట్టాన్ని గుడ్డతో చుట్టి చేసిందే దానికి నాంది. అంతకు ముందే 1845లో రాబర్ట్ థామ్సన్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నా, అది జనం చేతికి రాలేదు.

నేను పట్టుకున్నది చీల్చిన ట్యూబు పద్ధతి. 26 అంగుళాల రిమ్ము మీద పిల్లల సైకిలుకు వేసే 20 అంగుళాల ట్యూబును సాగదీసి ఎక్కించాలి. రిమ్ము కన్నంలోంచి వాల్వు బయటికి తీయాలి. పైభాగాన్ని నడిమధ్యలో కత్తెరతో చుట్టూ చీల్చి, రెండు పక్కలనూ విప్పి రిమ్ము అంచుల మీదికి వాల్చాలి. దాని మీద టైరు ఎక్కితే, టైరుకూ రిమ్ముకూ నడుమ మెత్తని రబ్బరు పొర వస్తుంది. గాలి నిండాక బయటికి వేలాడే రబ్బరును బ్లేడుతో కోసేయాలి. ఇక్కడొక చిక్కు ఉంది. మన దగ్గర పిల్లల సైకిళ్లకు ఎక్కువగా వచ్చేది లోపల చిన్న రబ్బరు తొడుగుండే పాతకాలం వాల్వు. దాంట్లోంచి గాలి ఒక్కసారిగా దూసుకుపోదు. మోటారు సైకిలుకు ఉండే రకం వాల్వున్న 20 అంగుళాల ట్యూబే కావాలి. దాని కోసం మూడు దుకాణాలు తిరిగాను.

ఇక టైరు. దుకాణంలో టైరు చేతికిస్తే ఎవరి వేలైనా ముందు పైనున్న బొడిపెల మీదికే పోతుంది. నొక్కి చూస్తాం, లోతు చూస్తాం. ట్యూబు వేసుకునేవాళ్లకు అది చాలు. పాడి చూసి బర్రెను కొనమన్నారు పెద్దలు. ట్యూబ్‌లెస్ చేసుకునేవాళ్లు అంచు చూసి టైరు కొనాలి.

అంచు కంటే ముందు కొలత. 26 అంగుళాలని రాసున్న టైర్లన్నీ ఒకటి కావు. టైరు పక్కన 54-559 లాంటి అంకెలు చిన్నగా ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. మౌంటెన్ బైకుకు కావలసింది 559. పాతరకం సైకిళ్లకు 26 అంగుళాల పేరుతోనే వచ్చే 590 వేరే జాతి. ట్యూబ్‌లెస్‌లో ఒక్క మిల్లీమీటరు వదులున్నా గాలి నిలవడం కష్టం. కాబట్టి అంగుళాల మాట పక్కనపెట్టి ఆ మూడంకెలే చదవాలి.

అంచులో రెండు రకాలు. చవక టైర్లలో ఉక్కు తీగ, ఖరీదైనవాటిలో మడతపెట్టడానికి వీలైన అరామిడ్ నార. ఉక్కు సాగదు కదా అని దానికే మొగ్గాలనిపిస్తుంది. కానీ ట్యూబు కోసం చేసిన టైరులో ఆ తీగ చుట్టూ ఉన్న రబ్బరు రిమ్ముకు గాలి చొరకుండా హత్తుకోవాలని చేసింది కాదు. అక్కడక్కడా అచ్చు గీతలు, చిన్న గంట్లు ఉంటాయి. ట్యూబ్‌లెస్‌కు తగినట్టు చేసిన మడత టైరు అంచు మీద వేలు రాస్తే నున్నగా, చదునుగా తగులుతుంది. లోపలి నార కూడా సాగకుండా గట్టిగా ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం ట్యూబు కోసమే చేసిన తేలికపాటి మడత టైరు. ఒత్తిడికి దాని అంచు సాగి రిమ్ము మీంచి లేచిపోవచ్చు.

నా మొదటి ప్రయత్నం అలాగే పోయింది. కొత్త టైర్లకు డబ్బెందుకని, ఇంట్లో పడున్న పాత మడత టైరునే వాడాను. అది చేతితోనే సునాయాసంగా ఎక్కింది. అంత తేలిగ్గా ఎక్కినప్పుడే అనుమానించాల్సింది. బాల్కనీలో గాలి 45 పీఎస్‌ఐ దాటించాను. తుపాకీ పేలినట్టు శబ్దం. టైరు రిమ్ము దాటి బయటికొచ్చింది, సీలెంటు గోడల నిండా చిమ్మింది. లోపల చదువుకుంటున్న మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “నాన్నా, నీకేం కాలేదుగా?” అని నా చేతులు పట్టుకుని చూసింది. ఏమీ కాలేదు. కానీ అదే కొండ దిగుతున్నప్పుడు ముందు చక్రానికి జరిగి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రంతా ఆలోచించాను. పట్టీ ఇంట్లో చేయవచ్చు, వాల్వు పాత ట్యూబులోంచి తీసుకోవచ్చు. టైరు దగ్గర మాత్రం పొదుపు చేయకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

అప్పటి నుంచి నాకొక పరీక్ష ఉంది. ఉత్త చేతులతో టైరు ఎక్కించాలి. చివరి జానెడు దగ్గర బొటనవేళ్లు నొప్పిపుట్టేలా తోస్తే గానీ ఎక్కకూడదు. గాలి లేనప్పుడే కదలకుండా ఒద్దికగా కూర్చోవాలి. జారిపోతుంటే పట్టీ కింద రిమ్ముకు టేపు చుట్టి మళ్లీ చూస్తాను. అప్పటికీ వదులుగానే ఉంటే ఆ టైరు, ఆ రిమ్ము పొసగవని వదిలేస్తాను. ఒక రిమ్ము మీద బిగువుగా కూర్చున్న టైరు ఇంకో రిమ్ము మీద వదులు కావచ్చు. అందుకే మిత్రుడి సైకిలుకు బాగుందన్న మాట నమ్మి కొనకుండా, వీలైతే చక్రాన్నే దుకాణానికి తీసుకెళ్తాను.

తర్వాత చూడాల్సింది పక్కలు. టైరును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలుచని పక్కల్లో దారాల నేత కనిపిస్తుంది. అంగుళానికి 120 దారాల నేత మెత్తగా నేలకు ఒదుగుతుంది. 60 దారాల నేతలో దారం లావు, దెబ్బకు ఎక్కువ ఓర్చుకుంటుంది. మరీ పలుచని పక్కల్లోంచి సీలెంటు చెమటలా ఊరుతుంది. వికారాబాద్ వైపు ఎర్ర లాటరైటు రాయి అంచులు కోసుకుపోయేలా ఉంటాయి. నడిమధ్యలో పడ్డ ముల్లు కన్నాన్ని సీలెంటు మూస్తుంది కానీ, పక్కలో పడ్డ కోతను మూయడం కష్టం. తిరిగే ప్రతి చుట్టుకూ పక్కభాగం వంగుతుంది, కట్టిన గడ్డ ఊడిపోతుంది. అందుకే పక్కలకు అదనపు పొర ఉన్నవే తీసుకుంటాను. మాక్సిస్ అనే టైర్ల కంపెనీ ఆ పొరను ఎక్సో అంటుంది. ఒక్కో టైరుకు కొంత బరువు పెరుగుతుంది, ట్యూబు తీసేసిన చోట అది సర్దుకుపోతుంది.

వెడల్పు విషయంలో అత్యాశ వద్దు. నా రిమ్ము లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు. దానికి 2.1 నుంచి 2.25 అంగుళాల టైరు ఒప్పుతుంది. అంతకన్నా లావుది వేస్తే మలుపులో పక్కకు ఒరిగి గాలి కక్కుతుంది. పైగా ఒకే ఒత్తిడి దగ్గర టైరు లావయ్యేకొద్దీ అంచును లాగే బలం పెరుగుతుంది. ఇంట్లో చేసిన కూర్పుకు ఆ భారం మంచిది కాదు.

ఇన్ని చూశాకే బొడిపెల సంగతి. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు బండల మీద పొట్టి బొడిపెలు దగ్గరగా ఉంటే పట్టు బాగుంటుంది. మొరం మీద సన్న గులకరాళ్లు బంతుల్లా దొర్లుతాయి. అక్కడ ముందు చక్రానికి ఎత్తయిన పక్క బొడిపెలు కావాలి. తాండూరు వైపు నల్లరేగడిలో చినుకు పడితే ఏ టైరైనా ముద్దవుతుంది. ఎడంగా ఉన్న బొడిపెలు ఆ మట్టిని కొంతైనా విదిలిస్తాయి. నేను ముందు 2.25 మాక్సిస్ ఆర్డెంట్, వెనక 2.2 ఐకాన్ వేశాను. దారి పట్టేది ముందు చక్రం, శ్రమపడి తోసేది వెనక చక్రం. రెండింటికీ ఒకే టైరు ఉండాలన్న నియమం లేదు.

కొత్త టైర్లు, కొత్త ట్యూబు పట్టీ పట్టుకుని మా వీధి చివర పంచరు దుకాణానికి వెళ్లాను. ఇంట్లో పంపుతో అంచు సరిగా కూర్చోదు, గాలి ఒక్క ఊపున పోవాలి. దుకాణం పెద్దాయన చూసి, “సైకిల్‌కు ట్యూబ్‌లెస్సా? స్కూటర్లకు రోజూ చూస్తున్న గని, గిది ఎన్నడు చూడలే” అన్నాడు. చెప్పకుండానే సబ్బునీళ్లు కలిపి అంచు చుట్టూ బట్టతో రాశాడు. వాల్వులో పుల్ల తీసేసి కంప్రెషర్ పైపు పెట్టాడు. టప్, టప్ అని రెండుసార్లు మోగింది, ఒక్కో అంచు ఒక్కోసారి తన చోట కూర్చుంది. ఆయన చక్రాన్ని తిప్పుతూ, అంచు పక్కనే ఉండే సన్నని గీత చుట్టూ ఒకే ఎత్తులో వస్తోందా లేదా అని కన్ను ఆనించి చూశాడు. ఒకచోట తగ్గింది. గాలి తీసి, అక్కడ ఇంకాస్త సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టాడు. “ఇప్పుడు సక్కగ గూసుంది సార్” అన్నాడు. స్కూటరు టైర్లతో గడిపిన ఏళ్లన్నీ ఆ చూపులో కనిపించాయి. డబ్బులు తీసుకోనన్నాడు, నేను ఊరుకోలేదు.

ఇంటికొచ్చాక వాల్వులోంచి చక్రానికి 90 మిల్లీలీటర్ల చొప్పున సీలెంటు పోశాను. రెండు పక్కలా అడ్డంగా వంచి ఊపి, రాత్రంతా ఉంచాను. తెల్లారి గాలి తగ్గలేదు. అయినా వెంటనే కొండకు వెళ్లలేదు. వారం రోజులు కాలనీలోనే తొక్కాను, గట్టిగా మలుపులు తిప్పాను. ఆ తర్వాతే అనంతగిరి. నా బరువు 72 కిలోలు. ముందు 24, వెనక 27 పీఎస్‌ఐ. ట్యూబుతో అయితే 35కు తగ్గించేవాణ్ని కాదు, రాయి తగిలితే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగిపోయేది. గాలి తగ్గేసరికి టైరు రాయిని ఢీకొనడం మాని దాని మీదుగా పారింది. ఇన్నేళ్లూ ఎగిరెగిరి పడిన దారి మొదటిసారి కాళ్ల కింద తెలిసింది. అయినా జేబులో ఒక ట్యూబు ఇప్పటికీ ఉంటుంది. మన ఎండలకు సీలెంటు తొందరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసి కొత్తది పోస్తాను.

మొన్న వెనక టైరు అరిగిపోయి విప్పాను. లోపల ఆరిన పాలు పలుచని తోలులా అంటుకున్నాయి. దాన్ని వేలితో ఒలుస్తుంటే చిన్న చిన్న తెల్లని ముడులు తగిలాయి. ఒక్కో ముడి నడుమ గోధుమ రంగు ముల్లు మొన. లెక్కపెడితే పద్నాలుగు. ఏది ఏ రోజు దిగిందో నాకు తెలియదు, దేనికీ నేను దారిలో ఆగలేదు. అంచు మీద వేలు రాసి చూశాను. పైనంతా అరిగిపోయినా, అంచు మాత్రం కొన్ననాటి నున్నదనంతోనే ఉంది.