“కాలమే అలాంటిది” అన్న సమాధానం చాలునా?

1948 ప్రసక్తి వచ్చినప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఒక మాట తరచు వినవస్తుంది: “కాలమే అలాంటిది, ఎవరేం చేయగలరు?” రజాకార్ల దౌర్జన్యాలను చూసి మౌనం వహించిన వారికీ, పోలీసు చర్య అనంతరం పొరుగున ఉన్న ముస్లిం ఇళ్లు దోపిడీకి గురవుతుంటే తలుపులు మూసుకున్న వారికీ ఈ ఒక్క మాటే సంజాయిషీ అవుతున్నది. ఆధునిక మనస్తత్వశాస్త్రం సైతం దీనినే బలపరుస్తున్నదని కొందరు విద్యావంతుల వాదన. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం అవసరం.

అమెరికాలో సాలమన్ ఆష్ 1951లో ప్రచురించిన ప్రయోగంలో, గీతల పొడవులను పోల్చి చెప్పమన్నారు. ముందే కూడబలుక్కున్న తోటివారంతా ఒకే తప్పు జవాబు చెప్పినప్పుడు, పరీక్షకు వచ్చినవారు సుమారు మూడింట ఒక వంతు సందర్భాలలో కళ్లెదుటి నిజాన్ని విడిచి గుంపుతో గొంతు కలిపారు. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో ప్రయోగాలు ఆరంభించాడు. అధికారి స్థానంలో ఉన్న వ్యక్తి ఆదేశించగా, 40 మందిలో 26 మంది పక్కగదిలోని మనిషికి 450 వోల్టుల విద్యుద్ఘాతం ఇస్తున్నామని నమ్మి కూడా మీట నొక్కారు.

ఇంతవరకే చెప్పి ఆగిపోవడం ఆ పరిశోధనలకే అన్యాయం. ఆష్ ప్రయోగంలో ఒక్క తోటివాడు నిజం చెప్పినప్పుడు తప్పు జవాబులు సుమారు 5 శాతానికి పడిపోయాయి. మిల్‌గ్రామ్ మరో ప్రయోగంలో ఇద్దరు సహచరులు ఆజ్ఞను తిరస్కరించగానే, 40 మందిలో చివరిదాకా సాగినవారు నలుగురే. గుంపు బలం దాని సంఖ్యలో కన్నా, అందరిదీ ఒకే మాట అన్న భ్రమలోనే ఎక్కువగా ఉన్నదని దీనివల్ల తేలుతున్నది.

ఈ ప్రాంత చరిత్ర కూడా అదే చెబుతుంది. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మాటకు ఎదురులేని రోజులలో, కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం న్యాయస్థానంలో పోరాడి గెలిచాడు. 1940లో హత్యకు గురయ్యాడు. ఒంటరిగా నిలిచినవాడికి క్షేమం దక్కుతుందని ఎవరూ చెప్పజాలరు. కాని ఆయన ఉదంతం 1947 నాటి “మా భూమి” నాటకానికి ప్రేరణ అయింది. కొన్నేళ్లలోనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట గడీకి పోకుండా సంఘం అడ్డునిలిచింది.

స్వజనుల తప్పును తప్పు అనడం ఇంకా కష్టం. హైదరాబాదులో “ఇమ్రోజ్” సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లను విమర్శించి, 1948 ఆగస్టులో ప్రాణాలు అర్పించాడు. తరువాతి నెలలో పోలీసు చర్య జరిగింది; హింస దిశ మారింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం సంస్థానమంతటా 27 వేల నుండి 40 వేల మంది మరణించారని అంచనా వేసింది. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాలలో కలిపి కనీసం 5 వేలమంది అని పేర్కొన్నది. అదే నివేదికలో మరొక విషయమూ ఉన్నది: కొన్నిచోట్ల హిందూ నేతపనివారు తమ తోటి ముస్లిం నేతపనివారిని కాపాడి, అందుకు ప్రాణాలు సైతం కోల్పోయారు. కాలం అందరికీ ఒకటే, నడత మాత్రం ఒకటి కాలేదు.

సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా సహాయపడమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. పీడకుడికి సహాయమెలా అని సహాబీలు అడిగితే, అతని చేతిని అన్యాయం నుండి ఆపడమేనన్నారు. నాయకులను, పెద్దలను అనుసరించి దారితప్పామన్న మొర ప్రళయదినాన పనికిరాదని దివ్యఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరా హెచ్చరిస్తున్నది.

అయితే ధర్మం మానవ బలహీనతను ఎరుగనిది కాదు. విశ్వాసంతో నిండిన హృదయం గలవాడు బలాత్కారం వల్ల నోటితో తిరస్కార వచనం పలికితే, నహ్ల్ సూరా అతనికి మినహాయింపునిస్తున్నది. కాని తన ప్రాణం కోసం నిరపరాధి ప్రాణం తీయడాన్ని ఫిఖహ్ పండితులు అనుమతించలేదు. ఒత్తిడికి మన్నింపు ఉన్నది, దానికి హద్దూ ఉన్నది. మనస్తత్వశాస్త్రం ఒత్తిడి బలాన్ని కొలిచింది. ఆ హద్దును గీయడం దాని పని కాదు.

కనుక ఆ కాలాన్ని ఎరిగిన పెద్దలనూ, వారి నోట విన్న సంతానాన్నీ అడగవలసిన ప్రశ్న వేరు. కాలం ఎలాంటిదని కాదు, మీ ఊళ్లో మొదట “కాదు” అన్నది ఎవరని అడగాలి. అలాంటివారి పేర్లు మరుగునపడితే, రాబోయే తరాలకు మిగిలేది గుంపు చరిత్ర మాత్రమే.