వాననీటికి ఒక్క కొలత చాలునా?

విజయవాడలో వాననీటి కాలువల నిర్మాణమునకై కేంద్ర ప్రభుత్వము 461 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. వాన కురిసినప్పుడెల్ల మోకాలిలోతు నీటిలో నడచు ప్రజలకు ఈ పథకము అవసరమే. 2019 తరువాత పనులు నడుమ నిలిచిపోవుట విచారకరము. 2024 సెప్టెంబరులో బుడమేరునకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగిన పిదప ఈ కొరత మరింత స్పష్టమైనది.

అయినను ఈ పథకమును గూర్చిన చర్చలో ఒక లోపము కలదు. నీరెంత, ఎంత త్వరగా పోవును అను ప్రశ్నలే తరచుగా వినబడును. అది ఎట్టి నీరు అని అడుగువారు అరుదు.

వేసవియంతయు వీధులలో పేరుకొనిన దుమ్ము, నూనె, పేడ, టైర్ల పొడి తొలివానకు కొట్టుకొనిపోవును. కనుక మొదటి నీరే మిక్కిలి మలినము. విజయవాడ డెల్టాకు తలవాకిలి. బందరు, ఏలూరు, రైవిస్ కాలువలు నగరము మధ్యనుండియే సాగును. దిగువ గ్రామములవారు మంచినీటి చెరువులను కాలువనీటితోనే నింపుకొందురు. బుడమేరు కొల్లేటిలో కలియును. వీధిని త్వరగా ఆరబెట్టిన కాలువ, మాలిన్యమును కూడ దిగువవారికి త్వరగా చేరవేయును.

అమెరికాలో 1987 నాటి చట్టసవరణ, 1990 నాటి నిబంధనల ప్రకారము లక్ష జనాభాగల నగరములు తమ వాననీటి కాలువలకు అనుమతిపత్రము పొందవలెను. అందుచే పురపాలక సంఘములలో వాననీటి నాణ్యతను పరీక్షించు నిపుణులు ఏర్పడిరి. మూడు దినములు వాన లేకున్నను కాలువ పారుచున్నచో నిపుణుడు అనుమానించును: అది ఊటనీరు కావచ్చును, లేదా ఎవరో కలిపిన మురుగు కావచ్చును. ఎగువకు నడచి, మూతలు తెరచి, దాని మూలమును కనుగొనును. వాన మొదలైన అరగంటలోను, ఆ పిమ్మటను నమూనాలు తీసి బురద, ప్రాణవాయువు, క్రిములు ఎంతయో కొలుచును.

ప్రజలు మునుగుచుండగా పరీక్షలేల అని కొందరనవచ్చును. మహావరదను సీసాలు ఆపలేవు, నిజమే. కాని మహావరద అరుదు, తొలకరి ఏటేటా వచ్చునది. వందల కోట్ల కాలువతో పోల్చినచో నాణ్యతాపరీక్షకగు వ్యయము స్వల్పము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే నిరూపింపవచ్చును. పాఠశాల ముంగిట పారు తొలివాన నీటిని ఒక గాజుసీసాలోను, గంట తరువాతి నీటిని వేరొక సీసాలోను పట్టి రాత్రి కదలకుండ ఉంచవలెను. తెల్లవారుసరికి అడుగున పేరిన మడ్డియే ఈ విమర్శకు సాక్ష్యము.