కమలాపురంలో లాంగ్ కోటు ఎవరేసుకుంటారు?

అష్టాచెమ్మా ఆడని ఇల్లు మా వైపు తక్కువ. నాలుగు గవ్వలు, ఇరవై ఐదు గళ్లు, అంతే సరంజామా. అయినా కొత్త ఇంట్లో ఆడబోతే ముందు వాదన తెగాలి. ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్లలోకి పోవచ్చా? వరసగా మూడు అష్టాలు పడితే లెక్కకొస్తాయా, కొట్టుకుపోతాయా? కమలాపురంలో ఒక మాట, ప్రొద్దుటూరు మేనత్త ఇంట్లో ఇంకో మాట. అచ్చేసిన పుస్తకం లేదు కాబట్టి ఆ ఇంట్లో పెద్దావిడ చెప్పిందే చట్టం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఇలాంటి వాటినే హౌస్ రూల్స్ అంటారు. వాళ్లకు వందల పేజీల రూల్సు పుస్తకాలున్నాయి, అయినా సొంత చట్టాలు తప్పడం లేదు. సైబర్‌పంక్ ఆటల్లో అయితే పేచీ ముఖ్యంగా రెండుచోట్ల వస్తుంది: హ్యాకింగ్ దగ్గర, ఒంటిమీద దాచుకున్న ఆయుధాల దగ్గర.

తెలియనివాళ్లకు ఆట సంగతి రెండు మాటల్లో. ఒకరు జీఎం, అంటే గేమ్ మాస్టర్. వీధులు, కాపలావాళ్లు, విలన్లు అన్నీ ఆ మనిషి నోటివెంటే వస్తాయి. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఏం చేస్తారో చెప్పాలి, జరుగుతుందో లేదో అనుమానమైతే పాచిక వేయాలి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ పద్ధతికి దారి వేశారు. మైక్ పాండ్‌స్మిత్ 1988లో కత్తులు, మంత్రాలు పక్కనపెట్టి కంపెనీల రాజ్యాన్ని, ఒంట్లో యంత్రాలు బిగించుకున్న మనుషుల్ని, నెట్‌లోకి దూరే దొంగల్ని బల్లమీదికి తెచ్చాడు. ఆ సైబర్‌పంక్‌కు 1990లో ‘సైబర్‌పంక్ 2020’, 2020లో ‘సైబర్‌పంక్ రెడ్’ అనే కొత్త కూర్పులొచ్చాయి. కుర్రాళ్లకు తెలిసిన వీడియో గేమ్ ‘సైబర్‌పంక్ 2077’ పుట్టింది ఇందులోంచే. లెక్క సులువు. పది ముఖాల పాచిక వేసి, పడిన అంకెకు పాత్ర సామర్థ్యాన్నీ నేర్పునూ కలపాలి. జీఎం పెట్టిన అంకెను దాటితే పని అయినట్టు.

ఈ లోకం మనకంత పరాయిదేం కాదు. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం గని, ముద్దనూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, జమ్మలమడుగు పక్కన గండికోట లోయలో పెన్న, ప్రొద్దుటూరులో వరసకట్టిన బంగారం అంగళ్లు. భవిష్యత్తు కథ రాసుకోవడానికి అమెరికా నగరం పటం తెచ్చుకోవాల్సిన పనేముంది?

ఇక హ్యాకింగ్. పాత 2020 కూర్పులో హ్యాకర్ నెట్‌లోకి దిగాడంటే అది ఆటలో ఇంకో ఆట. లోపలున్న సమాచారపు కోటకు వేరే పటం, వేరే గోడలు, వేరే యుద్ధం. హ్యాకర్, జీఎం ఇద్దరే ముప్పావుగంట మాట్లాడుకుంటుంటే మిగతా నలుగురూ టీ తాగి, ఫోన్లు చూసుకుని, చివరికి ఎవరెందుకొచ్చారో మరిచిపోయేవాళ్లు. ఇది ప్రపంచమంతా ఉన్న ఫిర్యాదే. చాలా బల్లల దగ్గర హ్యాకర్ పాత్రను జీఎం చేతికే వదిలేసి ఊపిరి పీల్చుకున్నారు. అది రోగం కుదర్చలేక రోగిని ఇంటికి పంపడమే.

రెడ్ కూర్పు దీనికి మంచి మందు కనిపెట్టింది. హ్యాకర్ ఇంట్లో కూర్చుంటే కుదరదు, నెట్ తగిలే చోటుకు ఆరు మీటర్లలోపు మనిషే వెళ్లాలి. లోపలి నిర్మాణం అంతస్తుల్లాగా ఉంటుంది: ఒకదాంట్లో పాస్‌వర్డు, ఒకదాంట్లో ఫైలు, ఒకదాంట్లో కెమెరాల మీదో తలుపుల మీదో అధికారం, ఒకదాంట్లో మెదడునే కాల్చేసే కాపలా ప్రోగ్రాం. తన వంతులో కొత్త హ్యాకర్ మూడు నెట్ పనులు చేయొచ్చు, ఆ తరవాత వంతు పక్కవాళ్లది.

ఆ ఆరు మీటర్లే కథను మార్చేస్తాయి. 2090లో ప్రొద్దుటూరు బంగారం అంగడి ఒకటి అనుకోండి. లాకరు గది తీగ కౌంటరు వెనకే పోతోంది. హ్యాకర్ అక్కడికి చేరాలంటే పెళ్లి నగలకొచ్చిన బంధువుల్లో ఒకడు కావాలి. అప్పుడు మిగతా పాత్రలన్నిటికీ పని దొరుకుతుంది. “అత్తా, నువ్వింకా నాలుగు నెక్లెస్‌లు తీపిచ్చు. నాకింకొంచెంసేపు కావల్ల” అని హ్యాకర్ గొణుగుతాడు. అత్త పాత్ర వేసినామె తరుగు దగ్గర బేరం పెట్టి సేల్స్‌మన్‌ను పది నిమిషాలు కదలనివ్వదు. అది కూడా పాచికే, అది కూడా దొంగతనంలో భాగమే.

ఇంత మంచి రూలుకూ ఇంటి చట్టాలు కొన్ని తోడు కావాలి. నాకు బాగా నచ్చింది చింతపిక్కల పద్ధతి. జీఎం ముందు ఖాళీ గిన్నె పెడతారు. హ్యాకర్ పాచిక తప్పిన ప్రతిసారీ పని ఆగిపోదు, తలుపు తెరుచుకుంటుంది, కానీ గిన్నెలో ఒక పిక్క పడుతుంది. మూడో పిక్కకు కెమెరా ఇటు తిరుగుతుంది. అయిదో పిక్కకు మేనేజరు ఫోన్ మోగుతుంది. ఆరో పిక్కకు షట్టరు దిగుతుంది. తలుపు తెరుచుకోలేదంటే ఆట అక్కడే ఆగిపోతుంది. తెరుచుకుంది గానీ ఎవరో చూశారంటే ఆట ముందుకు దూకుతుంది. పైగా పిక్క గిన్నెలో టక్కున పడిన చప్పుడుకు ఫోన్ చూసుకునేవాడు కూడా తలెత్తుతాడు. రెండో చట్టం: మాటలతో పాస్‌వర్డు సంపాదిస్తే పాచిక అక్కర్లేదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఓటీపీ అడిగే ఫోన్లు మనలో ఎంతమందికి రాలేదు? వాళ్లు యంత్రాన్ని కాదు, మనిషినే తెరుస్తున్నారు. ఆటలోనూ ఆ విద్యకు విలువుండాలి.

కాగితం మీది హ్యాకింగ్‌ను నిజమనుకునే ప్రమాదమూ ఒకసారి జరిగింది. 1990 మార్చి 1న అమెరికాలోని ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే ఆటల కంపెనీ మీద సీక్రెట్ సర్వీస్ దాడి చేసింది. అనుమానం నిజానికి అక్కడ పనిచేసే ఒక రచయిత మీద. కానీ కంప్యూటర్లతోపాటు అచ్చుకు సిద్ధమవుతున్న ‘గర్ప్స్ సైబర్‌పంక్’ అనే మరో ఆట పుస్తకం రాతప్రతి కూడా పట్టుకుపోయారు. అందులో ఉన్నది పాచికల లెక్కలే అని నమ్మించడానికి కంపెనీ తలప్రాణం తోకకొచ్చింది. 1993లో కోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చి, దాదాపు 50 వేల డాలర్ల నష్టపరిహారం, దానిపైన కోర్టు ఖర్చులు ఇప్పించింది.

ఆయుధాల దగ్గరికొస్తే పేచీ ఇంకా ముదురుతుంది. 2020 కూర్పు ప్రతి ఆయుధానికీ ఒక అక్షరం తగిలించింది: పి అంటే జేబులో పడుతుంది, జె అంటే జాకెట్ కింద, ఎల్ అంటే లాంగ్ కోటు కింద, ఎన్ అంటే దాగదు. చల్లని ఊళ్లకు బాగానే ఉంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే కమలాపురంలో లాంగ్ కోటు వేసుకుని బస్టాండులో దిగినవాణ్ణి పట్టుకోవడానికి పాచిక కూడా దండగ. అందుకే ఇక్కడ ఆడితే ఆ పట్టిక మన బట్టలకు తగ్గట్టు తిరగరాసుకోవాలి. నడుం దగ్గర లుంగీ మడతలో పట్టేది ఒకరకం, వదులు చొక్కా కింద దాగేది ఇంకోరకం, సంచిలోనో పూలబుట్టలోనో పెళ్లిసారెలోనో పోయేది మూడోరకం, దాగనిది నాలుగోరకం. ఎంత బాగా దాగితే తీయడం అంత ఆలస్యం కావాలి. నడుం దగ్గరిది అదే వంతులో చేతికొస్తుంది. సంచిలోదానికి ఒక వంతు పోతుంది. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలోదానికి రెండు, పైగా సాంబారు కారుతుంది. చేతి లోపలే బిగించుకున్న తుపాకీ తడిమితే దొరకదు, తనిఖీ యంత్రం కిందనుంచి నడిస్తే దాగదు. దానికి పాచికే వద్దు.

అసలు గొడవ మాత్రం “నా బూటులో కత్తుందిగా” అని మధ్యలో గుర్తొచ్చేవాళ్లతో. దీనికి చీటీ ఒక్కటే విరుగుడు. లోపలికి అడుగుపెట్టకముందే ఏం దాచారో, ఎక్కడ దాచారో రాసి, మడిచి, పళ్లెం కింద పెట్టాలి. వెతికేదాకా జీఎం కూడా విప్పకూడదు. తెలిస్తే కాపలావాడి చెయ్యి తెలియకుండానే అక్కడికే పోతుంది. జాన్ హార్పర్ రాసిన ‘బ్లేడ్స్ ఇన్ ద డార్క్’లో ఇందుకు పూర్తిగా తలకిందుల పద్ధతి ఉంది: బరువు ఎంత మోస్తున్నారో ముందు చెప్తే చాలు, సామాను ఏమిటో అవసరమైనప్పుడు తేల్చుకోవచ్చు. ఆటకు వేగమొస్తుంది, నిజమే. కానీ తడిమేటప్పుడు గుండె దడదడలాడాలంటే లోపల ఏదో ఒకటి ఖాయంగా ఉండాలి కదా. నా ఓటు చీటీకే.

పాచిక ఎప్పుడు వేయాలన్నదీ చిన్న విషయం కాదు. దాచేటప్పుడే వేస్తే, తక్కువ పడిందని చూసి మళ్లీ దాస్తానంటారు. వెతికేటప్పుడే వేయాలి. ఒక గేటుకు ఒక్కసారే వేయాలి, అక్కడ ఎంతమంది కాపలా ఉన్నా సరే. ఒక్కొక్కరు పట్టుకునే అవకాశం నూటికి 30 అనుకుందాం. నలుగురూ విడివిడిగా వేస్తే ఎవరో ఒకరికి దొరికిపోయే అవకాశం నూటికి 76 అవుతుంది. ఈ లెక్క తెలియక ఎన్ని మంచి పథకాలు గేటు దగ్గరే చచ్చిపోయాయో.

మన సీమ గురించి ఒక మాట చెప్పాలి. సినిమాల్లో వీపు వెనకనుంచి వేటకొడవలి లాగుతుంటే, అది పెట్టుకుని సుమోలో ఎలా కూర్చున్నాడబ్బా అని ఇక్కడివాళ్లే నవ్వుకుంటారు. కానీ ఫ్యాక్షన్‌లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు కూడా ఇక్కడే ఉన్నాయి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో అందరికీ తెలియదు. కాబట్టి పాత్రలు రాసుకోకముందే ఏది వద్దో అడగాలి. వద్దన్నవాళ్లను ఎందుకని అడగకూడదు. నాటుబాంబు వద్దంటే ఆ కథలో నాటుబాంబు ఉండదు, అంతే.

ఆడి చూడాలనుకుంటే ‘సైబర్‌పంక్ రెడ్ ఈజీ మోడ్’ అనే చిన్న పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది. పది ముఖాల పాచిక లేకపోతే 1 నుంచి 10 దాకా రాసిన చీటీలు గ్లాసులో వేసుకున్నా ఆట సాగుతుంది. ముందు మీ ఇంటి చట్టాలు అర పేజీలో తెలుగులో రాసి, అందరిచేతా చదివించి, ఆ తరవాతే మొదలుపెట్టండి.