చేతి ట్రిమ్, యంత్రపు ట్రిమ్

ఎగురుతున్న విమానంలో పైలట్ స్టిక్ వదిలేసినా ముక్కు పైకి లేవకుండా, కిందికి వాలకుండా, పక్కకు తిరగకుండా సాగేలా సర్దడాన్ని ట్రిమ్ చేయడం అంటారు. వేగం మారినా, ఇంజన్ శక్తి పెంచినా తగ్గించినా, ఇంధనం ఖర్చయినా, బాంబులు జారవిడిచినా ఆ కుదురు చెదురుతుంది. అనంతపురం పల్లెల్లో వేరుశనగ బస్తాలు బండికెత్తేవాళ్లు ముందుభారం, వెనకభారం చూసుకునేది ఇలాంటి కారణానికే. ఇరుసుకు ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడల మీద పడుతుంది, వెనక ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి. విమానంలో ఆ భారం పడేది పైలట్ చేతి మీద.

యుద్ధ విమానాలను కంప్యూటర్లో నడిపించే సిమ్యులేటర్లలో ఈ పనికి రెండు దారులున్నాయి. ఒకటి, నడిపేవారే మీటలతో చేసుకోవడం. రెండోది, సాఫ్ట్‌వేర్‌కు వదిలేయడం. డీసీఎస్ వరల్డ్, ఐఎల్-2 స్టర్మోవిక్, ఏసెస్ హై, వార్ థండర్ వంటివి ఆడేవారిలో చాలామంది మొదట రెండో దారే పడతారు. ట్రిమ్ వాళ్లకు ఒక చికాకులా కనిపిస్తుంది. నిజానికి విమానం చేతికి చెప్పే మాటల్లో చాలావరకు ట్రిమ్ ద్వారానే వస్తాయి.

తోకరెక్క మీద ముక్కును పైకీ కిందికీ తిప్పే కదిలే పలక ఎలివేటర్. దాని వెనక అంచున చిన్న రేకు ఒకటి ఉంటుంది. అదే ట్రిమ్ ట్యాబ్. దాన్ని కిందికి వంచితే గాలి దాన్ని పైకి నెడుతుంది, దాంతోపాటు ఎలివేటర్ కూడా పైకి లేస్తుంది. తోక కిందికి దిగి ముక్కు పైకొస్తుంది. అంతవరకు చేత్తో లాగి పట్టుకున్న బరువును ఇప్పుడు గాలే మోస్తుంది. ఇది ట్రిమ్‌లో సగం సంగతి. రెండో సగం చాలామంది గమనించరు: ఎలివేటర్ ట్రిమ్ పెట్టడమంటే ఒక వేగాన్ని ఎంచుకోవడం. గంటకు 300 కిలోమీటర్ల దగ్గర నేరుగా సాగేలా ట్రిమ్ చేసిన మామూలు విమానంలో ఇంజన్ తగ్గిస్తే, అది ముక్కు దించి దాదాపు ఆ 300నే వెతుక్కుంటుంది. ఇంజన్ పెంచితే ముక్కెత్తి పైకెక్కుతూ మళ్లీ ఆ వేగం దగ్గరికే వస్తుంది. స్టిక్ ముందుకు నెట్టాల్సి వస్తోందంటే విమానం ట్రిమ్ వేగాన్ని దాటిందని అర్థం. లాగాల్సి వస్తోందంటే వేగం పడిపోతోందని. వేగమాపకం వైపు చూడకుండానే ఈ కబురు చేతికి అందుతుంది. వెనక శత్రువున్నప్పుడు, తల తిప్పి ఆకాశం వెతుకుతున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఏ విమానానికి ఏ ట్రిమ్ ఉండేదో తెలుసుకోకుండా సిమ్యులేటర్లో దాన్ని సరిగా నడపలేం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల బీఎఫ్-109కు ఎలివేటర్ మీద ట్యాబ్ తిప్పే ఏర్పాటు కాకుండా తోకరెక్క మొత్తాన్నీ వంచే ఏర్పాటు ఉండేది. సీటుకు ఎడమపక్కన రెండు చక్రాలు పక్కపక్కనే ఉండేవి, ఒకటి ఫ్లాప్‌లకు, ఇంకొకటి తోకరెక్కకు. ఫ్లాప్‌లు దించితే విమానం వాలు మారిపోతుంది కాబట్టి, దిగేటప్పుడు పైలట్ ఒకే చేత్తో రెండు చక్రాలూ కలిపి తిప్పేవాడు. తయారుచేసినవాళ్లు ఎంత ఆలోచించారో ఆ ఒక్క అమరికలో కనిపిస్తుంది. అదే విమానపు చాలా రకాల్లో, ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్‌కు గాల్లో మార్చుకునే ట్రిమ్ లేదు. నేల మీద మెకానిక్ వంచిపెట్టిన రేకే దిక్కు. అందుకే పైకెక్కేటప్పుడు కుడికాలితో, బాగా వేగంగా పోయేటప్పుడు ఎడమకాలితో తొక్కి పట్టాలి. ఫోకెవుల్ఫ్-190లో తోకరెక్కను విద్యుత్ మోటారు తిప్పేది. స్పిట్‌ఫైర్‌లో ఎలివేటర్‌కు, రడ్డర్‌కు చక్రాలుండేవి, విమానాన్ని పక్కలకు వాల్చే ఐలెరాన్లకు లేవు. అమెరికన్ మస్టాంగ్‌లో మూడింటికీ ఉండేవి. పీ-51డీ నేల విడిచేముందు రడ్డర్ ట్రిమ్ 6 డిగ్రీలు కుడికి పెట్టాలని దాని పైలట్ మాన్యువల్ చెబుతుంది.

భారత వైమానిక దళం నడిపిన స్పిట్‌ఫైర్లలోనే ఈ విషయంలో ఒక ఉచ్చు ఉంది. మెర్లిన్ ఇంజన్ స్పిట్‌ఫైర్ ప్రొపెల్లర్ ఒకవైపు తిరిగితే, తర్వాత వచ్చిన గ్రిఫన్ ఇంజన్‌ది దానికి ఎదురువైపు తిరుగుతుంది. మొదటిదానికి టేకాఫ్‌లో రడ్డర్ ట్రిమ్ కుడికి, రెండోదానికి ఎడమకి. మెర్లిన్ ఉన్న మార్క్-8కు అలవాటుపడ్డ చెయ్యి గ్రిఫన్ ఉన్న మార్క్-14లో పాత అలవాటే చూపిస్తే విమానం రన్‌వే పక్కకు లాగేస్తుంది. సిమ్యులేటర్లోనూ అంతే.

ఇక ఇంట్లో బల్ల మీద ఉండే జాయ్‌స్టిక్ సంగతి. నిజమైన విమానంలో ట్రిమ్ చేస్తే స్టిక్ నిలిచే చోటే మారుతుంది. పైలట్ స్టిక్‌ను కావలసిన చోట పట్టుకుని, చేతిలో బరువు సున్నా అయ్యేదాకా చక్రం తిప్పుతాడు. మామూలు జాయ్‌స్టిక్‌లో స్ప్రింగ్ ఉంటుంది, దానికి తెలిసిన చోటు మధ్య ఒక్కటే. కాబట్టి ట్రిమ్ బటన్ నొక్కుతూనే చేతిని కొద్దికొద్దిగా మధ్యకు వదలాలి. రెండు పనులూ ఒకే లయలో సాగకపోతే ముక్కు ఎగిరెగిరి పడుతుంది. చేతి ట్రిమ్ మీద కొత్తవారికి కలిగే విసుగులో సగానికి కారణం ఈ స్ప్రింగే, ట్రిమ్ కాదు. మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్-2 లాంటి మోటారు జాయ్‌స్టిక్‌లలో ట్రిమ్‌తో పాటు స్టిక్ మధ్యబిందువు కూడా కదులుతుంది. అది చేతిలో పట్టుకున్నవారికి ఈ పద్ధతి నిమిషాల్లో అర్థమవుతుంది. 2008లో వచ్చిన డీసీఎస్ బ్లాక్ షార్క్‌లోని కేఏ-50 హెలికాప్టర్‌దీ ఇదే సమస్య: బటన్ నొక్కి స్టిక్ ఉన్న చోటును బిగించుకోవాలి, వెంటనే చేతిని మధ్యకు తేవాలి. ఆలస్యమైతే ఆ కదలిక రెండింతలై హెలికాప్టర్ తలకిందులు కావచ్చు.

ట్రిమ్‌కు వరస ముఖ్యం. ముందు స్టిక్‌తో ముక్కును కావలసిన చోట నిలపాలి, తర్వాత ఇంజన్ శక్తి సర్దాలి, వేగం నిలకడ పడ్డాకే ట్రిమ్. వేగం ఇంకా మారుతుండగా ట్రిమ్ చేస్తే దాని వెంట పరుగెత్తినట్టే అవుతుంది. ట్రిమ్‌తోనే విమానాన్ని తిప్పాలని చూడకూడదు. బటన్‌ను నొక్కి పట్టుకోకుండా చిన్నచిన్నగా తట్టాలి. మలుపులో ఉండగా ట్రిమ్ లాగితే రెక్కలు సమం చేయగానే ముక్కు పైకి తన్నుకొస్తుంది, అందుకే మలుపులో చెయ్యే భారం మోయాలి. రడ్డర్‌కు చూడవలసింది గాజుగొట్టంలోని బంతిని. అది ఏ వైపు జారితే ఆ వైపు కాలు నొక్కాలి, బంతి మధ్యకొచ్చాక కాలి భారాన్ని ట్రిమ్‌కు అప్పగించాలి.

పోరులో ఈ బంతికి ప్రాణమంత విలువ. విమానం పక్కకు జారుతూ ఉంటే ముక్కు ఒకవైపు చూస్తుంది, విమానం ఇంకోవైపు పోతుంది. గురి సరిగ్గా కుదిరిందనిపించినా తూటాలు పక్కనుంచి పోతాయి. పైకెక్కడానికి కుడికి పెట్టుకున్న రడ్డర్ ట్రిమ్, అదే విమానం డైవ్‌లో వేగం పుంజుకోగానే ముక్కును కుడికి నెడుతుంది. చాలామంది ఇక్కడే, తప్పు ఎక్కడుందో తెలియక గురి మీద నింద వేస్తారు. మరో జాగ్రత్త: బాగా వేగమైన డైవ్‌లో స్టిక్ బిగుసుకుపోతే ట్రిమ్‌తో ముక్కు లేపాలనిపిస్తుంది. గాలి చిక్కబడిన తక్కువ ఎత్తుకు రాగానే ఆ ట్రిమ్ ఒక్కసారిగా పట్టు అందుకుని రెక్కలు విరిగేంత గట్టిగా లాగవచ్చు. అందుకే అలాంటప్పుడు ట్రిమ్‌ను కొంచెంకొంచెంగా వాడి, ముక్కు కదలగానే వెనక్కి తీసేయాలి.

యంత్రపు ట్రిమ్ ఎలా పనిచేస్తుందో 2000లో వచ్చిన ఏసెస్ హైలోని ‘కంబాట్ ట్రిమ్’ను చూస్తే తెలుస్తుంది. అప్పటి వేగాన్ని చూసి, ఆ వేగంలో విమానం నేరుగా సాగడానికి కావలసిన ట్రిమ్‌ను కంప్యూటరే అమరుస్తుంది. దీనికి ఒక న్యాయం ఉంది. కీబోర్డు, ఒక చిన్న జాయ్‌స్టిక్ తప్ప ఏమీ లేనివారు కూడా అందరితో సమంగా పోరాడగలుగుతారు. కళ్లు శత్రువు మీదే ఉంచవచ్చు. అయితే ఇందులో పోయేది వేగపు కబురు. వేగం పడిపోతున్నా చేతికి బరువు తెలియదు, ఎందుకంటే ట్రిమ్ కూడా వేగంతోపాటే జారిపోతుంటుంది. రెక్కలు గాలి పట్టు కోల్పోయే స్టాల్ దగ్గరికొచ్చేదాకా విమానం నిశ్శబ్దంగానే ఉంటుంది. బీఎఫ్-109కు రడ్డర్ ట్రిమ్ లేదన్న నిజాన్ని కూడా ఈ ఏర్పాటు తుడిచేస్తుంది. ఆ లోటుతోనే బతికిన విమానానికి ఆ లోటు లేకుండా చేస్తే అది వేరే విమానమవుతుంది.

అన్ని విమానాలకూ ఇదే తీర్పు వర్తించదు. మిగ్-21లో స్టిక్ మీదే ట్రిమ్ మీట ఉండేది, కానీ ఏఆర్‌యూ అనే యంత్రం వేగాన్ని, ఎత్తును బట్టి స్టిక్ కదలికకు తోక ఎంత కదలాలో తనే మార్చేది. చేతికీ యంత్రానికీ మధ్య వంతెన అది. భారత వైమానిక దళం 2025 సెప్టెంబర్ 26న సాగనంపిన ఈ విమానాన్ని డీసీఎస్‌లో నడిపితే ఆ కాలపు ఇంజనీర్లు యంత్రానికి ఎంతవరకు అప్పగించారో చేతికే తెలుస్తుంది. 2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి ఎగిరిన తేజస్ కథ వేరు. దానికి వెనక అడ్డతోక లేదు, కావాలనే నిలకడ తగ్గించి రూపొందించారు. నాలుగు మార్గాల డిజిటల్ కంప్యూటర్ క్షణక్షణం రెక్కల అంచులను కదిలిస్తేనే అది నిలబడుతుంది. అలాంటి విమానానికి ముక్కును చేత్తో ట్రిమ్ చేయాలని పట్టుబట్టడం అర్థం లేని పంతం. అలాగే కంప్యూటర్ సాయంతో ఎగిరే అమెరికన్ ఎఫ్/ఏ-18 సిమ్యులేటర్లో ఒక ముచ్చటైన సంగతి ఉంది. ఫ్లాప్‌లు ముడుచుకున్నంతసేపు ట్రిమ్ కంప్యూటర్‌దే. దిగడానికి చక్రాలు, ఫ్లాప్‌లు దించగానే ఆ పని పైలట్‌ చేతికి వస్తుంది. రెక్క గాలిని తాకే కోణం 8.1 డిగ్రీల దగ్గర నిలిచేలా అతను ట్రిమ్ చేసుకుంటాడు. ఓడ మీద దిగేటప్పుడు వేగాన్ని ఎంచుకునే హక్కును చేతికే వదిలారన్నమాట.

మన వైమానిక దళ పైలట్లు ఈ పాఠం నేర్చుకునేది హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో. 1967లో దీనికి పునాదిరాయి పడింది. 2013 నుంచి అక్కడ తొలి శిక్షణ పిలాటస్ పీసీ-7 మార్క్-2 మీద సాగుతోంది. ఫైటర్ దారి పట్టినవారు తర్వాత హకీంపేటలో కిరణ్, ఆపైన బీదర్‌లో హాక్ నడుపుతారు. ప్రొపెల్లర్ విమానంతో మొదలుపెట్టడంలో ఒక లాభం ఉంది: ఇంజన్ కదిపిన ప్రతిసారీ ముక్కు పక్కకు లాగుతుంది, కాళ్లు మేలుకుంటాయి. పిలాటస్ పీసీ-9 నుంచి పుట్టిన అమెరికన్ శిక్షణ విమానం టీ-6లో దీనికి యంత్రసాయం పెట్టారు. ట్రిమ్ ఎయిడ్ డివైస్ అనే పెట్టె ఇంజన్ శక్తిని, వేగాన్ని, ఎత్తును చూసి రడ్డర్ ట్రిమ్‌ను దాదాపుగా సర్దుతుంది. మిగిలిన కొంచెం పైలట్ కాలికే వదిలేస్తుంది. సిమ్యులేటర్లకు ఇంతకన్నా మంచి నమూనా లేదు. భారాన్ని తగ్గించాలి, కబురును మాత్రం తెగనివ్వకూడదు.

అనంతపురం పీఠభూమికి ఈ విషయంలో రెండు చుట్టరికాలున్నాయి. ఒకటి గాలి. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం కాగిన ఎర్రనేల మీద నుంచి వేడిగాలి స్తంభాల్లా లేస్తుంది, దాని మీదుగా పోయే చిన్న విమానం గతుకుల బాటలో పడ్డట్టు కుదుపులు తింటుంది. ప్రపంచమంతా చూపే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్లో పుట్టపర్తి రన్‌వే నుంచి ఎగిరి, గాలి అలజడి పెంచి చూస్తే ఇది అనుభవంలోకి వస్తుంది. కొత్తవారు ప్రతి కుదుపుకూ ట్రిమ్ తడతారు. అది తప్పు. కుదుపు దాటగానే సరిగా ట్రిమ్ చేసిన విమానం తన వేగానికి తనే తిరిగొస్తుంది. సగటు కుదరకపోతేనే ట్రిమ్ ముట్టుకోవాలి. రెండోది, రాష్ట్ర సరిహద్దుకు ఆవల అదే పీఠభూమి మీదున్న చళ్లకెర విమాన పరీక్షా క్షేత్రం. అక్కడ 2022 జులై 1న డీఆర్‌డీఓ తోకలేని, పైలట్ లేని రెక్కవిమానాన్ని మొదటిసారి ఎగరేసింది. అందులో చెయ్యి లేదు, కాలు లేదు, ట్రిమ్ మొత్తం గణితమే.

చేతి ట్రిమ్ నేర్చుకోదలచినవారు జాయ్‌స్టిక్ తల మీది నాలుగు వైపుల మీటను ముక్కుకు, ఐలెరాన్‌కు కేటాయించుకుంటే మంచిది. రడ్డర్‌కు తిప్పే బొడిపె ఉంటే దాన్ని వాడాలి, లేకపోతే రెండు బటన్లు చాలు. ట్రిమ్‌ను సున్నాకు తెచ్చే మీట ఒకటి విడిగా పెట్టుకోవాలి, గందరగోళంలో అదే ఆదుకుంటుంది. మొదట ఒకే ఎత్తులో ఒక్కో వేగానికీ విమానాన్ని కుదర్చడం సాధన చేయాలి. తర్వాత అదే పని ఎక్కుతూ, దిగుతూ చేయాలి. డైవ్, గురి ఆ తర్వాతే. యంత్రపు ట్రిమ్‌ను ఆ సాధన అంతా అయ్యాక, ఆ విమానానికి నిజంగా అది ఉన్న చోట ఆన్ చేసుకోవచ్చు.